వాసన పరీక్ష ఎలా చేయాలి: మన ఉత్తరాంధ్ర ఓపీ గదికి సరిపోయే పద్ధతి

"రుచి తెలీట్లేదు బాబూ" అంటూ ఓపీకి వచ్చేవాళ్లలో చాలామందికి నాలుక బాగానే ఉంటుంది. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుక మీద వేసి అడిగితే తడుముకోకుండా చెప్పేస్తారు. పోయింది వాసన. తినేటప్పుడు మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా, నోట్లోంచి గొంతు వెనకగా ముక్కులోకి ఎక్కే వాసనదే. ఆ సంగతి చూడకుండా బీ కాంప్లెక్స్ రాసి పంపేస్తే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

హౌస్ సర్జన్లకు, ఈఎన్‌టీలో చేరిన జూనియర్లకు, విలేజ్ క్లినిక్‌లో పనిచేసే వాళ్లకు పనికొచ్చేలా ఇది రాస్తున్నాను. శ్రీకాకుళం రిమ్స్‌లోనైనా, నెల్లిమర్ల మిమ్స్‌లోనైనా, ఊరి క్లినిక్‌లోనైనా చేయగలిగిన పద్ధతి ఇది. దిగుమతి కిట్లు ఖరీదైనవి. సొంతంగా తయారుచేసుకున్న సీసాల పెట్టె వాటికి సమానం కాదు, కానీ "వాసన వస్తోందా?" అని అడిగి కేస్ షీట్‌లో "మొదటి నాడి నార్మల్" అని టిక్కు పెట్టడం కంటే ఎంతో మేలు. తనకు వాసన తగ్గిన సంగతే చాలామందికి తెలియదు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకు. అడిగితే "బాగానే వస్తంది" అంటారు. పరీక్షిస్తే సగం సీసాలు తప్పుతారు.

ఘాటు వేరు, వాసన వేరు

సీసాలు సిద్ధం చేసే ముందు ఇది తెలియాలి. ముక్కులో రెండు నాడుల పని కలిసి ఉంటుంది. వాసన పట్టేది ఘ్రాణ నాడి, అంటే మొదటి కపాల నాడి. ఘాటు, మంట, చల్లదనం పట్టేది త్రిధార నాడి, అంటే అయిదోది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తింటే ముక్కుకెక్కేది ఈ అయిదో నాడి పని. వాసన పూర్తిగా పోయినవాళ్లకు కూడా ఆవ ఘాటు తగులుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అందుకే "ఆవ తెలుస్తంది కదా, ముక్కు బాగానే ఉంది" అని వాళ్లూ అనుకుంటారు, ఒక్కోసారి మనమూ అనుకుంటాం.

కాబట్టి అమోనియా, వెనిగర్, కర్పూరం, మెంథాల్, అమృతాంజన్, విక్స్ లాంటివి వాసన పరీక్షకు పనికిరావు. అవన్నీ ఘాటు నాడిని తట్టి లేపుతాయి. అయితే పూర్తిగా పారేయకండి. ఒక్క కర్పూరం సీసాను వేరే పెట్టెలో ఉంచండి. దాని అవసరం తర్వాత వస్తుంది.

ముందు మాటలు, తర్వాత టార్చి, ఆ తర్వాతే సీసా

ఎప్పటి నుంచి? ఒక్కసారిగా పోయిందా, మెల్లగా తగ్గిందా? ఒక్కోరోజు వచ్చి ఒక్కోరోజు పోతోందా? ఇలా వచ్చిపోయే తీరు ఉంటే ముక్కులో అడ్డు ఉందని అనుమానించాలి. దీర్ఘకాలిక సైనస్ వాపు, పాలిప్స్ (ముక్కు లోపల పెరిగే దుర్మాంసం), ఎలర్జీ ఇలాగే చేస్తాయి. జలుబు తగ్గాక కూడా వాసన తిరిగి రాకపోతే వైరస్ దెబ్బ. 2020 తర్వాత కోవిడ్ పుణ్యమా అని ఈ మాట అందరికీ తెలిసిపోయింది.

తలకు దెబ్బ తగిలిందా అని తప్పకుండా అడగండి. పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న జిల్లాలు మనవి, బైకు ప్రమాదాలకు కొదవ లేదు. ముక్కు పైకప్పులో సన్నని రంధ్రాలున్న ఎముక పలక ఉంటుంది. వాసన తంతువులు ఆ రంధ్రాల గుండానే మెదడుకు వెళతాయి. తల ఒక్కసారిగా కుదుపుకు గురైతే అవి తెగిపోవచ్చు. దెబ్బ తల వెనక తగిలినా ఇది జరుగుతుంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఎవరూ గమనించరు. ఇంటికెళ్లి చారన్నం తిన్నాకే "ఏటీ చప్పగా ఉంది" అంటారు.

చుట్ట, బీడీ, ఖైనీ గురించి అడిగేటప్పుడు ఆడవాళ్లను వదిలేయకండి. నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చే అడ్డపొగ మన తీర గ్రామాల్లో పెద్దవయసు ఆడవాళ్లలో ఇంకా కనిపిస్తుంది. సూటిగా "పొగ తాగుతావా?" అంటే లేదంటారు. "చుట్ట అలవాటుందా మామ్మా?" అని మామూలుగా అడిగితే చెబుతారు. పొగ తాగితే వాసన పట్టే శక్తి తగ్గుతుంది. పైగా అంగిలి కూడా చూసినట్టవుతుంది, అడ్డపొగ వల్ల అక్కడ క్యాన్సర్ రావచ్చు.

అరవై దాటినవాళ్లను ఇంకో మూడు అడగండి: చెయ్యి వణుకుతోందా, మలబద్ధకం ఉందా, నిద్రలో కలలు కంటూ కేకలు వేస్తూ కాళ్లూ చేతులూ విసురుతున్నారా. పార్కిన్సన్స్ జబ్బులో వణుకు కనబడడానికి ఏళ్ల ముందే వాసన తగ్గడం ఉంటుంది. వాసన తగ్గిన ప్రతివాళ్లకూ ఆ జబ్బు వస్తుందని కాదు. అందుకని రోగికి ఆ పేరు చెప్పి టెన్షన్ పెట్టకండి, మీరు రాసుకుంటే చాలు. చిన్నప్పటి నుంచీ వాసనే తెలియని కుర్రాడికి యుక్తవయసు లక్షణాలు కూడా ఆలస్యమైతే అది కాల్‌మన్ సిండ్రోమ్ కావచ్చు, హార్మోన్ల డాక్టరుకు పంపాలి.

తర్వాత ముక్కు లోపల చూడండి. చల్లని స్టీలు స్పాచులాను ముక్కు కింద పెట్టి గాలి వదలమంటే, రెండు వైపులా ఆవిరి మచ్చ సమానంగా పడుతుందో లేదో తెలుస్తుంది. స్పెక్యులమ్ (ముక్కు రంధ్రాన్ని తెరిచి పట్టే పరికరం), టార్చి ఉంటే దుర్మాంసం, చీము, వంకర గోడ కనబడతాయి. వాసన పట్టే పొర మాత్రం ముక్కు పైభాగంలో సన్నని సందులో ఉంటుంది, అది టార్చికి అందదు. దానికి ఎండోస్కోపీ కావాలి.

సీసాల్లో ఏం పెట్టాలి

పేరున్న పరీక్షలు రెండు. 1984లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ డోటీ బృందం తెచ్చిన నలభై వాసనల పుస్తకాలు ఒకటి. పేజీ మీద పెన్సిల్‌తో గీకితే వాసన వస్తుంది, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. యూపీసిట్ అంటారు. రెండోది 1990ల్లో జర్మనీలో తయారైన స్నిఫిన్ స్టిక్స్, వాసన నింపిన స్కెచ్ పెన్నుల్లాంటివి.

చిక్కెక్కడంటే, యూపీసిట్‌లో రూట్ బీర్, జింజర్‌బ్రెడ్, డిల్ పికిల్, వింటర్‌గ్రీన్ ఉంటాయి. మందస నుంచి వచ్చిన జీడి రైతు వాటిని ఎన్నడూ చూసి ఉండడు. తప్పు చెప్పాడంటే ముక్కు లోపమా, పరిచయం లేకపోవడమా? తేల్చలేం. అందుకే గుర్తుపట్టే పరీక్షకు మన వాసనలే కావాలి.

మొదట ఈ పన్నెండుతో మొదలుపెట్టవచ్చు: కాఫీ పొడి, లవంగం, యాలకులు, దాల్చిన చెక్క, వెల్లుల్లి, ఇంగువ, నిమ్మ తొక్క, అరటి ఎసెన్స్, మల్లె అత్తరు, గులాబీ నీరు, గానుగ కొబ్బరినూనె, ఎండు చేప. లవంగం ఎక్కువైతే కొంచెం ఘాటు కూడా వస్తుంది, రెండు మూడు మొగ్గలు చాలు. కొబ్బరినూనె తలకు రాసుకునే సెంటు నూనె కాకూడదు.

ఎండు చేప కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్లకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. చేప ఇంట్లోకి రానివ్వని వాళ్లకు మాత్రం అది పేరు తెలియని కంపు, పైగా వాళ్లు నొచ్చుకుంటారు. వాళ్లకు నెయ్యి సీసా పెట్టుకోండి. మొగలి సంగతీ అంతే. మొగలికి పేరుపడ్డ గంజాం జిల్లా పక్కనే ఉన్న ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లకు బాగా తెలుసు, విజయనగరం టౌన్ కాలేజీ పిల్లలకు తెలియకపోవచ్చు. పనసపండు ఉద్దానం వాళ్లకు పుట్టుకతో వచ్చిన వాసన, కానీ ఏడాది పొడుగునా దొరకదు. బజారు ఎసెన్స్ అసలు పండులా ఉండదు కాబట్టి నేనైతే పెట్టను. కిరోసిన్ ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉండేది, ఇప్పటి కుర్రాళ్లకు చూపిస్తే పెట్రోలంటారు.

ముదురు రంగు గాజు సీసాలు తీసుకోండి, మందుల షాపులో దొరికే మూతవి. ప్లాస్టిక్ వాసన పీల్చుకుని తర్వాతి వాసనతో కలుపుతుంది. లోపలి సరుకు కనబడకుండా పైన పలుచని గుడ్డ లేక దూది పెట్టండి, బయట అంకె ఒక్కటే రాయండి. నూనె, ఎసెన్స్, అత్తరు అయితే దూదిలో కొన్ని చుక్కలు చాలు. అన్నీ ఇంచుమించు ఒకే గాఢతలో అనిపించేలా సర్దండి. ఇంగువ మరీ ఎక్కువైతే పెట్టె మొత్తం ఇంగువే.

పెట్టె సిద్ధమయ్యాక రోగుల మీదికి వెళ్లకండి. ముక్కు బాగున్న సిబ్బంది, అటెండర్లు, రోగులతో వచ్చిన బంధువులు ఒక పాతిక ముప్ఫై మందికి వాళ్ల అనుమతితో పెట్టి చూడండి. మూడొంతుల మంది కూడా గుర్తుపట్టని సీసా ఏదైనా ఉంటే అది చెడ్డ సీసా, తీసేయండి. వాళ్ల మార్కులను వయసువారీగా రాసి ఉంచండి. ఇకముందు మీ రోగిని పోల్చాల్సింది వాళ్లతోనే, జర్మనీ పట్టికతో కాదు.

జవాబు కార్డు

పరీక్షకు ప్రాణం ఇది. వాసన తెలిసినా పేరు నోటికి రాకపోవడం ఆరోగ్యవంతులకూ ఉండేదే. కాబట్టి ప్రతి సీసాకూ నాలుగు జవాబుల కార్డు ఉండాలి. నాలుగూ రోగికి తెలిసినవే అయి ఉండాలి, ఒకదానికొకటి దూరంగా ఉండాలి. నిమ్మకు పక్కన నారింజ పెట్టకండి, సబ్బు కూడా వద్దు, నిమ్మ సబ్బులు బజారు నిండా ఉన్నాయి. నిమ్మ, ఇంగువ, కాఫీ, మల్లె అని పెట్టండి. గులాబీ కార్డులో మల్లె వద్దు.

అక్షరాల కింద బొమ్మలు ఉండాలి. చదువు రానివాళ్లకే కాదు, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవాళ్లకూ, సీతంపేట కొండల నుంచి దిగే సవరలకూ బొమ్మే భాష. ఫోన్‌తో ఫొటోలు తీసి ప్రింటు వేయించి లామినేట్ చేయిస్తే సరిపోతుంది.

పరీక్ష చేసే తీరు

గదిలో గాలి ఆడాలి, కానీ ఫ్యాను గాలి ముఖం మీదికి రాకూడదు. అప్పుడే ఫినాయిల్ వేసి తుడిచిన గదిలో, సాంబ్రాణి వేసిన గదిలో చేయకండి. మీరు సెంటు పూసుకోకండి, శానిటైజర్ రాసుకుని వెంటనే సీసా పట్టుకోకండి. రోగి పరీక్షకు పావుగంట ముందు నుంచీ మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు: టీ, కిళ్లీ, చుట్ట అన్నీ ఆపాలి. తలలో మల్లెపూలుంటే తీసి బయట పెట్టమనండి. గట్టి జలుబుతో వస్తే పరీక్ష వాయిదా వేయండి.

కళ్లు మూసుకోమనండి. సీసా మూత తీసి ముక్కుకు రెండు సెంటీమీటర్ల దూరంలో మూడు నాలుగు సెకన్లు పట్టండి. ముక్కుకు తగలకూడదు. రెండు మూడు సార్లు మామూలుగా పీల్చితే చాలు, బుస కొట్టక్కర్లేదు. మూత పెట్టేశాక కార్డు చూపించండి. మాటల తీరు ఇలా ఉంటుంది:

"ఏదైనా వస్తందా మామ్మా?"
"ఏటో వస్తంది గానీ పేరు తట్టట్లేదు."
"పర్లేదు. ఈ నాలుగిట్లో దానికి దగ్గరగా ఉన్నది చూపించు."

రెండు జవాబులూ రెండు వేర్వేరు గళ్లలో రాయండి: ఏదైనా వచ్చిందా, ఏది ఎంచుకుంది. ఏమీ రాలేదన్నా సరే, ఏదో ఒకటి చూపించమనే అడగాలి. దీని ఉపయోగం కింద చెబుతాను. తప్పు చెప్పినా మీ ముఖంలో కనబడనివ్వకండి, "కరెక్టే" అని కూడా అనకండి.

సీసాకూ సీసాకూ మధ్య అర నిమిషం ఆగండి. లేకపోతే ముక్కు మొద్దుబారుతుంది. సెంటు షాపులో మధ్యమధ్య కాఫీ గింజలు వాసన చూపిస్తారే, అది అక్కర్లేదు, సాదా గాలి చాలు. వెల్లుల్లి, ఇంగువ, ఎండు చేప ఆఖరున పెట్టండి.

మొదట రెండు ముక్కులతో కలిపి, తర్వాత ఒక్కో వైపు విడివిడిగా కొన్ని సీసాలు. రెండో వైపును వేలితో నొక్కి మూస్తే మధ్య గోడ వంగి ఇటువైపు కూడా ఇరుకవుతుంది. దానికంటే మైక్రోపోర్ టేపు అంటించడం మేలు. అయిదారేళ్ల లోపు పిల్లలతో ఈ పరీక్ష సాగదు.

ఎంత పలుచగా ఉంటే పట్టగలరు

గుర్తుపట్టడం ఒక ఎత్తు, కనిష్ఠంగా ఎంత వాసన పట్టగలరన్నది ఇంకో ఎత్తు. మెడికల్ కాలేజీలో ఉంటే బ్యూటనాల్ అనే ఒక రకం ఆల్కహాల్‌తో దీన్ని చేయవచ్చు. అమెరికాలోని కనెటికట్ కేంద్రం 1988లో ప్రచురించిన పద్ధతి సులువైనది. డిస్టిల్డ్ వాటర్‌లో 4 శాతం ద్రావణం చేసి, దానిలో ఒక వంతుకు రెండు వంతుల నీళ్లు కలిపి తర్వాతి సీసా, అందులోంచి మళ్లీ అలాగే ఇంకోటి. అన్నిటికంటే పలుచని దానితో మొదలుపెట్టాలి. ప్రతిసారీ రెండు సీసాలు చూపించాలి, ఒకదాంట్లో ఉత్త నీళ్లు. ఏది వాసనది అని అడగాలి. తప్పితే ఒక మెట్టు గాఢమైన సీసాకు వెళ్లాలి. ఒకే సీసాను వరుసగా నాలుగుసార్లు సరిగ్గా చెబితే అదే వాళ్ల హద్దు. బ్యూటనాల్ మండే ద్రవం కాబట్టి స్పిరిట్ దీపం దగ్గర పెట్టుకోకండి.

ఊరి క్లినిక్‌లో బ్యూటనాల్ ఎక్కడిది? ఇంజక్షన్ ముందు తుడిచే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్వాబ్, దర్జీ టేపు ఉంటే చాలు. రోగి కళ్లు, నోరు మూసుకుని ముక్కుతో మామూలుగా ఊపిరి తీసుకోవాలి. స్వాబ్‌ను ముక్కుకు 30 సెంటీమీటర్ల కింద పట్టుకుని, ఊపిరి వదిలిన ప్రతిసారీ ఒక్కో సెంటీమీటరు పైకి తేవాలి. "వచ్చింది" అన్న దూరం రాసుకోవాలి. 45 సెకన్లు ఆగి మళ్లీ. ఇలా నాలుగుసార్లు చేసి సగటు తీయాలి. దీన్ని కూడా మీ దగ్గరున్న ఆరోగ్యవంతుల దూరాలతోనే పోల్చాలి. స్వాబ్ ముక్కు దగ్గరికి వచ్చేస్తే అందే సమాచారం ఘాటు నాడిది కూడా కావచ్చు. కాబట్టి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర "వచ్చింది" అంటే వాసన ఉందని రాసేయకండి.

తేడా పట్టే పరీక్ష మూడు సీసాలతో: రెండు ఒకటే, ఒకటి వేరు. వేరేది ఏదో చెప్పాలి, పేరుతో పని లేదు.

మార్కులు ఎలా చదవాలి

పన్నెండు సీసాలు, నాలుగేసి జవాబులు అంటే కళ్లు మూసుకుని గుడ్డిగా చూపించినా సగటున మూడు సరిపోతాయి. మూడు నాలుగు మార్కులు వచ్చాయంటే "కాస్త ఉంది" అని కాదు, ఏమీ లేదన్నట్టే.

పేరున్న కిట్లు మీకు దొరికితే వాటి లెక్కలు ఇవి. యూపీసిట్‌లో నలభైకి మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 35, ఆ పైన వస్తే మామూలు. 6 నుంచి 18 దాకా వస్తే వాసన పూర్తిగా పోయినట్టు. స్నిఫిన్ స్టిక్స్‌లో హద్దు, తేడా, గుర్తింపు మూడింటికీ పదహారేసి, మొత్తం 48. 16 లేదా అంతకు తక్కువైతే వాసన లేనట్టే లెక్క, దాదాపు 31 దాటితే మామూలు, మధ్యలో ఉంటే తగ్గినట్టు. ఈ అంకెలను మన ఇంగువ సీసాలకు అంటగట్టకండి.

"ఏదో వస్తంది" అన్నవి ఎక్కువ, సరిగ్గా గుర్తుపట్టినవి తక్కువ అయితే, ముక్కు కంటే మెదడు వైపు అనుమానం పోవాలి. అయితే ఆ వాసనలు వాళ్లకు అసలు తెలుసా అని ముందు కనుక్కోండి. ముక్కులో అడ్డు ఉన్నవాళ్లలో ముందుగా దెబ్బతినేది హద్దు. ఒక్క వైపే పోయిందంటే, ఆ వైపు పాలిప్ లాంటి అడ్డు కనబడకపోతే, స్కాన్ తప్పదు.

మోటారు ప్రమాదం కేసుల్లో నష్టపరిహారం కోసం వాసన లేదనేవాళ్లూ ఉంటారు. ఇందాక పక్కన పెట్టిన కర్పూరం సీసా ఇప్పుడు తీయండి. నిజంగా వాసన పోయినవాళ్లు "వాసన తెలీదు గానీ చల్లగా ముక్కుకు తగులుతోంది" అంటారు. అదీ లేదని గట్టిగా చెబితే అనుమానించాలి. ఏదో ఒకటి చూపించమని పట్టుబట్టడం కూడా ఇందుకే: గుడ్డిగా చూపించినా కొన్ని ఒప్పవుతాయి, పన్నెండుకు సున్నా రావడం మాత్రం అరుదు. తెలిసి తప్పించుకునేవాళ్లకే అది తేలిక. యూపీసిట్‌లో 0 నుంచి 5 దాకా వస్తే నటన అనుకునేది ఈ లెక్కతోనే. అయినా ఒక్క పరీక్షతో ఎవరినీ అబద్ధాలకోరని రాయకండి. మరో రోజు మళ్లీ చేయండి.

ఎవరిని వెంటనే పంపాలి

తల దెబ్బ తర్వాత ముక్కులోంచి నీళ్లలా కారుతుంటే, వంగితే ఎక్కువైతే, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. ఆ రోజే పంపాలి. ఒక వైపు ముక్కు మూసుకుపోయి రక్తం పడుతున్నా, వాసనతోపాటు చూపు తగ్గుతున్నా, ఉదయం తలనొప్పి వాంతులు ఉన్నా ఆలస్యం వద్దు. జిల్లా ఆసుపత్రి ఈఎన్‌టీలో ఎండోస్కోపీ, అక్కడ కుదరకపోతే విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి లేదా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). రోగితో పంపే ఉత్తరంలో "వాసన తగ్గింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఏ వైపు, ఎన్నికి ఎన్ని, ఎప్పటి నుంచి అన్నవి రాస్తే అవతలి డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

ఇంటికి పంపేటప్పుడు

వంటగ్యాసుకు సొంత వాసన లేదు, లీకు తెలియడానికి మెర్కాప్టాన్ అనే కంపు రసాయనం కలుపుతారు. వాసన పోయినవాళ్లకు ఆ రక్షణ లేదు. రెగ్యులేటర్ రాత్రిపూట ఆపమనండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచమనండి, వీలైతే గ్యాస్ డిటెక్టర్ పెట్టించమనండి. నిన్నటి కూర పాడైందో లేదో ఎవరితోనైనా చూపించుకుని తినాలి. ముక్కులో వేడి నూనెలు పోయవద్దని కూడా చెప్పాల్సి వస్తుంది, చెప్పండి.

వైరస్ తర్వాత పోయినవాళ్లకు వాసన సాధన పనికొస్తుంది. 2009లో జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం చెప్పిన పద్ధతి: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి, ఈ నాలుగూ రోజుకు రెండుసార్లు, ఒక్కోటి పది ఇరవై సెకన్లు, కనీసం పన్నెండు వారాలు. ఘాటు వల్ల పరీక్షకు పనికిరాని నీలగిరి (యూకలిప్టస్) తైలం సాధనకు పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ మనం కొలవడం లేదు. వాసన చూసేటప్పుడు అది ఎలా ఉండేదో గుర్తుచేసుకోమనాలి. అందరికీ తిరిగి వస్తుందని హామీ ఇవ్వకండి. మధ్యలో కాఫీ కాలిన కంపులా అనిపించవచ్చని ముందే చెప్పండి, లేకపోతే భయపడి మానేస్తారు.

మూడు నెలల తర్వాత అదే సీసాలతో, అదే కార్డులతో మళ్లీ పరీక్షించాలి. అప్పటికి సీసాలే బలహీనపడి ఉంటే రోగికి తగ్గిందో, కాఫీకి తగ్గిందో తెలియదు. నింపిన తేదీ ప్రతి సీసా అడుగున రాయండి. నిమ్మ తొక్క, వెల్లుల్లి ఏ రోజుకారోజు కొత్తవి. మసాలాలు, కాఫీ నెలకోసారి మార్చండి. పెట్టెను ఎండకు దూరంగా పెట్టండి, మే నెల శ్రీకాకుళం ఎండకు అత్తరు తట్టుకోదు. మార్చిన ప్రతిసారీ జలుబు లేని ఇద్దరు సిబ్బంది, ఏ సీసాలో ఏముందో చూడకుండా వాసన చూసి రిజిస్టర్‌లో రాయాలి. ఇద్దరూ ఒకే సీసా తప్పితే దాన్ని మళ్లీ నింపాకే రోగిని పిలవండి.